బాబాయికి వేసిన చాప

వెనక వాకిలి తలుపు ఒకటి ఊడదీసి నలుగురు మనుషులు వసారాలోకి మోసుకొచ్చారు. దాన్ని స్తంభానికి ఆనించి, తలలు వంచుకుని నిలబడ్డారు. ఆ చెక్క ఎందుకో ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. రాజధానిలో పెద్దిళ్ల పనివాళ్లు ఎవరూ యజమాని ఇంట్లో ప్రాణం వదలకూడదు. ఊపిరి ఇంకా ఆడుతుండగానే చెక్క మీద పడుకోబెట్టి కామో నది ఇసుకలో దించి వస్తారు. పక్కన చిన్న కుండతో నీళ్లు పెట్టి వస్తే, అది దయగల ఇల్లని చెప్పుకుంటారు.

చావు ఇంట్లో జరిగితే ఇంటికంతా మైల. ముప్పై రోజులు ఆ ఇంటివాళ్లు రాజభవనం గడప తొక్కకూడదు, దేవుడి గుడి వైపు చూడకూడదు. వాళ్లు రాసిన కాగితం కూడా రాజభవనం లోపలికి పోదు. పైగా ఇప్పుడు ఈ ఇంట్లో ఉన్నది మామూలు మనుషులు కాదు. రాజభవనంలో మంటలు లేచి సగం కాలిపోయాక, అది బాగయ్యేదాకా ఏడేళ్ల చక్రవర్తి తల్లిగారింట్లోనే ఉంటున్నాడు. వంశపారంపర్యంగా వచ్చిన, ఎవరి దగ్గరుంటే వాళ్లే చక్రవర్తి అనిపించే ఖడ్గమూ మణీ కూడా ఆయనతో పాటు పడమటి గదిలో ఉన్నాయి.

"మహారాణీ, ఇక ఆలస్యం చెయ్యకూడదండి," అన్నాడు ఇంటి వ్యవహారాలు చూసే తొకికత. పాపం, అతని గొంతులో కటువు లేదు, భయమే ఉంది. "దాది మధ్యాహ్నం దాకా ఉండేలా లేదు. ఈలోపే..."

మసుకో తన దాది సనుకి పరుపు పక్కనే కూర్చుని ఉంది. చక్రవర్తికి తల్లి, పోయిన చక్రవర్తికి భార్య, అయినా చేతిలో గంజి గిన్నె ఉంది. ఆ గంజి దాది గొంతు దిగి రెండు రోజులైంది. ఊరికే పట్టుకుని కూర్చుంది.

"ఆ తలుపు ఎక్కడ ఊడదీశారో అక్కడే బిగించమను. చలిగాలి కొడుతోంది," అంది.

"తల్లీ, చక్రవర్తి ఉన్న ఇల్లు!"

"నాకు పాలిచ్చిన మనిషి ఉన్న ఇల్లు కూడా."

అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్న సనుకి దాది ఒక కన్ను తెరిచింది. మనిషి ఎండుచేపలా అయిపోయింది కాని నోరు మాత్రం ఏమీ తగ్గలేదు.

"ఒరే తొకికతా, నా చావుకి నీకెందుకురా అంత తొందర? నేను జన్మలో ఎవరికీ ఆలస్యం చెయ్యలేదు. వెళ్లే వేళకి వెళ్తాను." తర్వాత మసుకో వైపు తిరిగింది. "నువ్వు కూడా మొండికెయ్యకు తల్లీ. అందరూ వెళ్లే దారేగా. మా అమ్మనీ అలాగే తీసుకెళ్లారు. మోసేటప్పుడు తల కిందికి వంగకుండా చూడమను, అంతే."

"నువ్వు ఎక్కడికీ వెళ్లవు దాదమ్మా. మాట్లాడకు."

"చూశావుగా," అంది సనుకి తొకికతతో. "పళ్లు రాని రోజుల్నుంచీ ఇంతే."

ఆ గొడవ తేలకముందే మసుకో తమ్ముడు కునినోరి వచ్చాడు. నడిచి రాలేదు, దాదాపు పరుగెత్తాడు. ఆస్థానంలో పనిచేసే మనిషి నల్లటోపీ పక్కకి ఒరిగిపోయినా సర్దుకోకుండా లోపలికి వచ్చాడంటే, కొంప మునిగే వార్తేదో తెచ్చాడన్నమాట.

"అక్కా, బాబాయ్ మధ్యాహ్నం వస్తున్నాడు. బాబుని తీసుకెళ్లడానికి."

"రాజభవనానికేగా? బాగుచెయ్యడం అయిపోయిందిగా."

"రాజభవనానికి కాదు. తనింటికి. ఇక్కణ్ణుంచి తిన్నగా రాజభవనానికి వెళ్తే దిక్కు దోషమని జ్యోతిష్కుడితో చెప్పించాడు. ఒక రాత్రి తనింట్లో పడుకోబెట్టి, దిక్కు మార్చి తీసుకెళ్తాడట." కునినోరి గొంతు తగ్గించాడు. "అక్కడ రాసేశారు అక్కా. బాబు సింహాసనం దిగుతున్నట్టు ఆజ్ఞ. సిరా కూడా ఆరిపోయింది. ఖడ్గమూ మణీ ఆ ఇంటి గడప దాటడమే ఆలస్యం."

మసుకోకి ఆశ్చర్యం కలగలేదు. ఒళ్లు మండింది. మొరోహిర బాబాయికి ఒక మనవడున్నాడు. రెండేళ్లవాడు, యువరాజు. మసుకో కొడుకు దిగితే వాడు ఎక్కుతాడు. వాడి పేరుతో తాత ఇరవై ఏళ్లు రాజ్యం చేసుకోవచ్చు. తొందరంతా ఎందుకంటే, వచ్చే నెలలో మహానైవేద్యం ఉంది. కొత్త చక్రవర్తి ఆ ఏడాది కొత్తబియ్యాన్ని మొదటిసారి దేవతలకు పెట్టి, వాళ్లతో కలిసి తినే పండుగ అది. అది జరగని చక్రవర్తిని అర చక్రవర్తి అంటారు, పక్కకి తోసేసినా అడిగేవాడుండడు. జరిగితే మాత్రం దేవతలతో కలిసి తిన్నవాడు. అంత తేలిగ్గా కదపలేరు.

"మనమే ముందుగా రాజభవనానికి తీసుకెళ్లిపోతే?" అంది.

"వెనకాలే వస్తాడు. రాజప్రతినిధి తను. ఆజ్ఞ చంకలో పెట్టుకుని వస్తాడు. ఎవడు ఆపుతాడు? అక్కడే చదివించేస్తాడు."

రాజప్రతినిధి! ఆ మాట మసుకోకి ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. పోయిన వసంతం దాకా ఆ పదవి వాళ్ల నాన్నది. ఆయన ఈ ఇంట్లోనే పోయాడు. ఆ ఉదయం చిన్నాన్న వచ్చాడు. మైల ఇంటికి ఎవరొచ్చినా ముంగిట్లో నిలబడి నాలుగు మాటలు మాట్లాడి వెళ్తారు. నిలబడితే మైల అంటదు, కూర్చుంటే అంటుకుంటుంది. అది అందరూ ఎరిగిన నియమమే. కాని సొంత అన్న పోయినప్పుడు ఎవరైనా ఆ లెక్క చూసుకుంటారా? మొరోహిర చూసుకున్నాడు. చెప్పులైనా విప్పలేదు. పూసిన రేగు చెట్టు కింద నిలబడి, "అయ్యో అన్నయ్యా" అని అంగీ చేతి అంచుతో కళ్లు తుడుచుకుని, అన్న మొహమైనా చూడకుండా తిన్నగా రాజభవనానికి వెళ్లాడు. కునినోరి మాత్రం తండ్రి తల దగ్గర కూర్చుని రాత్రంతా ఏడ్చాడు. శోకం పాటించే రోజులు రాజాజ్ఞతో తగ్గించుకోవచ్చు. మైలని ఏ ఆజ్ఞా కడగలేదు. కునినోరి మైల తీరి బయటికి వచ్చేసరికి, తండ్రి పదవి చిన్నాన్న ఒంటి మీద పట్టుబట్టలా కూర్చుని ఉంది.

ఏడ్చినవాడు ఓడిపోయాడు. ఏడ్చినట్టు నటించినవాడు గెలిచాడు. రాజధానిలో అందరూ దాన్ని తెలివి అన్నారు. మసుకో ఒక్కతే దాన్ని దొంగతనం అంది, అదీ పైకే అంది.

"మొరోహిర గాడా?" అంది పరుపు మీంచి సనుకి. "చిన్నప్పుడూ అంతే వెధవ. దేవుడికి పెట్టిన చేపముక్క బుగ్గలో పెట్టుకుని, నేను తినలేదని ఒట్టేశాడు. బుగ్గ మీద ఒకటిచ్చాను, ముక్క బయటికొచ్చింది."

కునినోరి ఇంత ఆందోళనలోనూ నవ్వాడు. సనుకి నవ్వలేదు. పైకప్పు వైపు చూస్తూ కాసేపు ఊపిరి కూడగట్టుకుంది.

"తల్లీ, నన్ను ఇసుకలో పడేస్తే కాకులకి తప్ప ఎవరికీ లాభం లేదు. నేను ఇక్కడే పోతాను. బాబుని ముందే పంపించెయ్. ఆ మొరోహిర గాణ్ణి నా ముందు కూర్చోబెట్టు."

మసుకోకి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక గిన్నె కింద పెట్టేసింది.

"ఛీ! నీ చావుతో నేను బేరమాడతానా?"

"బేరం నీది కాదు, నాది. ఇన్నేళ్లు ఈ ఇంట్లో ఉన్నాను. కట్టిన బట్ట మీది, తిన్న తిండి మీది. నా పాలు కూడా నీవే, నా కూతురు తాగాల్సినవి. ఏ రోజైనా ఇది నాది అన్నానా? ఈ చావొక్కటే నాది. నాకు నచ్చినచోట పెట్టుకుంటాను."

ఎప్పుడో పసితనంలోనే పోయిన ఆ కూతురి ఊసు సనుకి ఎత్తడం మసుకో వినడం అదే మొదటిసారి.

"అక్కా," అన్నాడు కునినోరి మెల్లగా, "బాబాయ్ కూర్చోడు. ఆయన సంగతి నీకు తెలుసుగా."

"కూర్చుంటాడు," అంది మసుకో. "చక్రవర్తి ముందు ఎవడూ నిలబడకూడదు. ఆయనకి ఆ నియమం మా అందరికన్నా బాగా తెలుసు."

పడమటి గదిలో చక్రవర్తి బొంగరం తిప్పుతున్నాడు. అమ్మ రాగానే బొంగరం వదిలేసి ఆమె అంగీ చేతి అంచు పట్టుకున్నాడు. ఆ పిల్లాడికి అది అలవాటు. పట్టాభిషేకం రోజున కూడా ఎత్తైన సింహాసనం చూసి గొల్లుమన్నాడు. అమ్మ తెర వెనకగా వచ్చి కూర్చుని వీపు మీద చెయ్యి వేస్తే గాని కూర్చోలేదు. అప్పట్నుంచీ ప్రతి వేడుకకీ ఆ చెయ్యి వీపు మీద ఉండాల్సిందే. మంత్రులంతా అది చూసి చూడనట్టు ఉంటారు.

"మామయ్యతో రాజభవనానికి వెళ్లు చిన్నా. ఇప్పుడే."

"నువ్వో?"

"నేను దాదమ్మ దగ్గరుంటాను. తర్వాత నాకు మైల ఉంటుంది. పండుగయ్యాక వస్తాను."

పిల్లాడి కింది పెదవి ముందుకొచ్చింది. "పండుగకి నువ్వు రావా? నేనొక్కణ్ణే ఆ పెద్ద పీట మీద కూర్చోను. నా వల్ల కాదు."

ఆమె వాణ్ణి దగ్గరికి లాక్కుంది. జుట్టు దువ్వింది. మాటలు వెతుక్కుంది. తియ్యటి అబద్ధాలు చాలా తోచాయి, ఒక్కటీ చెప్పాలనిపించలేదు.

"ఏడుపొస్తే ఏడువు. ఫరవాలేదు. కాని ఒక్కసారి ఎక్కాక, ఎవరు దిగమన్నా దిగకు. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఎవరన్నా సరే."

"ఎవరన్నా?"

"ఎవరన్నా."

ఇంటి వెనక గుమ్మం దగ్గర ఆడవాళ్లు ఎక్కే మూసిన ఎద్దు బండి నిలబెట్టారు. ఖడ్గం ఒక పరిచారిక ఒళ్లో, మణి ఇంకొకామె ఒళ్లో పెట్టారు. కునినోరి ఎక్కబోతూ ఆగాడు.

"తిన్నగా వెళ్తున్నాం అక్కా. నిజంగానే దిక్కు దోషం ఉంటే?"

"ఉంటే నా నెత్తిన రాయమను. నడు."

బండి కదిలింది. వెనక తెర సందులోంచి చిన్న వేళ్లు బయటికొచ్చి, పట్టుకోవడానికి అమ్మ అంగీ అంచు కోసం వెతికాయి. దొరక్క మళ్లీ లోపలికి పోయాయి. మసుకో అది చూసింది. వెంట పరుగెత్తలేదు. కాళ్లు పరుగెత్తాలనుకున్నాయి, వాటిని అక్కడే నిలబెట్టింది.

ఎండ ముంగిట్లోకి వచ్చేవేళకి మొరోహిర బళ్లు వచ్చాయి. ఆయన గుమ్మం దగ్గరే ఆగి తొకికతని పిలిచాడు. జాగ్రత్తపరుడు మరి.

"ఇంట్లో మైలేమీ లేదు కదా? ఆ ముసలి దాది మంచం పట్టిందని విన్నాను."

తొకికత జన్మలో అబద్ధమాడని మనిషి. ఆ రోజు కూడా ఆడలేదు. "ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ పోలేదండి," అని, ముంగిట్లో గోడకి ఆనించి ఉన్న తలుపు చెక్క వైపు చూశాడు. చెక్క మీద తడి ఇసుక అంటుకుని ఉంది. పొద్దున చెక్క తెప్పించిన తొకికతే దాన్ని తిరిగి బిగించకుండా, ఒక మనిషిని నదికి పంపి బుట్టెడు ఇసుక తెప్పించి దాని మీద చల్లించాడు. ఎవరూ చెప్పలేదు, తనే చేశాడు. మొరోహిర ఇసుక చూశాడు, తల పంకించాడు. "మంచి పని చేశారు. నీళ్లు పెట్టారా పక్కన?" అని కూడా అడిగాడు, దయగలవాడిలా.

పెద్ద గదిలో వెదురు తెర కిందికి దించి ఉంది. దాని ముందు పట్టు అంచు కుట్టిన కొత్త చాప. తెర వెనక మసుకో నీడ, ఆమె పక్కన ఇంకేదో మసక ఆకారం, గురగురమని ఊపిరి.

మొరోహిర చాప దాకా వచ్చి దాని పక్కనే నిలబడ్డాడు.

"అమ్మాయ్, బండి సిద్ధంగా ఉంది. మంచి ఘడియ దాటకముందే బాబుని..."

"నిలబడి మాట్లాడటం మీకు అలవాటే బాబాయ్ గారూ. మా నాన్నగారు పోయినప్పుడు చూశాను. కాని చక్రవర్తి ఎదుట కూడానా?"

ముంగిట్లో ఆయన వెంట వచ్చిన ఆస్థానపు మనుషులు చూస్తున్నారు. అంతా నియమాలు ఔపోసన పట్టినవాళ్లే. మొరోహిర గొంతు సవరించుకుని చాప మీద కూర్చున్నాడు, నుదురు నేలకి తాకేలా వంగాడు. తెర వెనక నుంచి ఊపిరి ఒకసారి గట్టిగా వచ్చింది.

"జలుబు చేసినట్టుంది బాబుకి. పాపం."

"రాత్రి నుంచీ."

"మా ఇంట్లో మంచి వైద్యుడున్నాడు. వేడివేడిగా అల్లం రసం ఇస్తాడు."

"మీ ఇంట్లో మంచి రాయసగాడు కూడా ఉన్నాడట. సిరా కూడా ఆరిపోయిందట."

మొరోహిర తలెత్తాడు, నవ్వాడు. దాచాల్సింది లేనప్పుడు ఆయన చాలా ముచ్చటగా నవ్వుతాడు.

"తెలిసిపోయిందా? సరే, నీ దగ్గర దాపరికమెందుకు. బాబుకి మంచి ఊళ్లు ఇస్తాం, పెద్ద ఇల్లు ఇస్తాం. ఏడేళ్లకే విశ్రాంతి, ఎంతమందికి దక్కుతుంది చెప్పు? నువ్వు కూడా వాడి పక్కనే ఉండొచ్చు. రోజూ వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చోవచ్చు. నీకు కావలసింది అదేగా?"

అది నిజంగానే ఆమెకి కావలసింది. అందుకే కోపం రెట్టింపయింది. ఆమె చేతిలో సనుకి చెయ్యి ఉంది. చల్లగా ఉంది. వేళ్లు అప్పుడప్పుడు నొక్కుతున్నాయి, వింటున్నాననడానికి. ఊపిరి ఆగింది. మళ్లీ మొదలైంది. అప్పుడు ఆమెకి కలిగింది సంతోషమో నిరాశో ఆమెకే తెలియలేదు. కన్నతల్లి కన్నా ఎక్కువైన మనిషి ఊపిరి ఆగాలని కాచుకుని కూర్చున్నాను, నేనెలాంటి దాన్ని అనుకుంది. సిగ్గుతో చెవులు మండాయి.

"నాన్నగారి మొహం ఎలా ఉందో ఒక్కసారైనా అడిగారా బాబాయ్ గారూ?"

"ఇప్పుడా సంగతి ఎందుకు?"

"ఎప్పుడూ అడగలేదు గనక. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మిమ్మల్ని పిలవబోతున్నట్టే ఉంది. తమ్ముడు ఏడి అని రాత్రంతా అడిగాడు. తమ్ముడు రేగు చెట్టు కింద నిలబడ్డాడు."

"అక్కడ కూర్చుంటే ఏం మిగిలేది? కునినోరి కూర్చున్నాడు, ఏం మిగిలింది? ఏడిచేవాళ్లతో రాజ్యాలు నడవవమ్మా." ఆయన గొంతులో ఇప్పుడు విసుగు. "ఇక చాలు. బాబుని బయటికి తీసుకురా. లేదా నేనే వచ్చి తీసుకెళ్తాను." అంటూ ఒక మోకాలు పైకెత్తాడు. చెయ్యి తెర అంచు వైపు చాచాడు.

"లేవమని ఎవరు చెప్పారు?"

ఆ గొంతు ఆమెదే కాని అంత గట్టి గొంతు ఆమెకి ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ముంగిట్లో ఎడ్లు తలలు తిప్పాయి.

"చక్రవర్తి లేవమనలేదు. మీరు లేచారు. బయట ఇంతమంది చూస్తున్నారు. రాజప్రతినిధి అయితే మాత్రం నియమం లేదా? లేక నియమాలన్నీ మా నాన్నగారి శవం దగ్గరే వాడేశారా?"

మొరోహిర మొహం కందగడ్డలా అయింది. వెనక్కి చూశాడు. మనుషులు తమ టోపీలు సర్దుకుంటున్నారు. ఆయన మోకాలు మళ్లీ చాప మీద ఆనించాడు.

సనుకి వేళ్లు మసుకో చేతిని నొక్కాయి. గట్టిగా, పొద్దుట్నుంచీ నొక్కనంత గట్టిగా. పెదవులు కదిలాయి. మసుకో చెవి ఆనించింది. "కూర్చున్నాడా?" అంది సనుకి. మసుకో తల ఊపింది. ముసలామె మొహంలో నవ్వు లాంటిది వచ్చి, అలాగే ఉండిపోయింది. వేళ్లు వదులయ్యాయి. గురగురమనే ఊపిరి ఆగింది. మసుకో కాచుకుంది. ఈసారి మళ్లీ మొదలవలేదు.

ఏడవడానికి ఆ క్షణం ఆమెకి లేదు. సనుకి చేతిని మెల్లగా పరుపు మీద పెట్టి, ఆ వేళ్ల మధ్య నుంచి తన అంగీ చేతి అంచు విడిపించుకుని, వెదురు తెర తాడు పట్టుకుని లాగింది.

"రండి బాబాయ్ గారూ, చూడండి. అప్పుడు చూడలేదుగా."

మొరోహిర చూశాడు. చక్రవర్తి ఉండాల్సిన చోట, చిన్నప్పుడు చేపముక్క కోసం తనకి చెంపదెబ్బ కొట్టిన దాది మొహం. ఆయన అప్రయత్నంగా బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఒక్క ఉదుటున లేచాడు గాని, లేచి ఏం లాభం?

"ఇది... బాబు ఏడి? ఎక్కడ దాచావు?"

"రాజభవనంలో ఉన్నాడు. ఖడ్గమూ మణీ వాడితోనే ఉన్నాయి. మీరు వెళ్లి తెచ్చుకోవచ్చు. ముప్పై రోజుల తర్వాత."

"నేను కూర్చోలేదు! అది కూర్చోవడం కాదు, వంగాను అంతే!" ఆయన గబగబా మెట్లు దిగి ముంగిట్లోకి వెళ్లాడు. "మీరంతా చూశారుగా? నేను కూర్చున్నానా?"

ఆయన ఒక అడుగు ముందుకేశాడు. వాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. పొద్దున ఆయన చెప్పులు సర్దిన మనిషి కూడా తన అంగీ అంచులు దగ్గరికి లాక్కుని గోడవైపు జరిగాడు. మొరోహిర ఏ నియమం పట్టుకుని ఇంత ఎత్తు ఎక్కాడో, అదే నియమం ఇప్పుడు ఆయన చుట్టూ ఖాళీ జాగా గీసింది.

బండి ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు. ఓడిపోయినవాడు ఊరికే పోతాడా.

"నువ్వూ ఇక్కడే కూర్చున్నావమ్మా. నీకూ అంతే మైల. పండుగనాడు నీ కొడుకు వెనక ఎవరు కూర్చుంటారు? అందరి ఎదుటా గుక్కపట్టి ఏడుస్తాడు. దిగి పారిపోతాడు. చక్రవర్తిని నేను దింపక్కర్లేదు, వాడే దిగుతాడు."

ఆ మాట సూటిగా తగిలింది. పొద్దుట్నుంచీ ఆమె లోపల తిరుగుతున్న భయం అదే.

"ఏడిస్తే ఏడుస్తాడు," అంది మసుకో మెట్ల పైనుంచి. "దిగడు."

ఆ సంగతి ఆమెకి తెలియదు. అయినా అంది.

బళ్లు వెళ్లాక ఆమె తెర వెనక్కి వెళ్లి, సనుకి పక్కన పడుకుని, చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. రాజమాతలు అలా ఏడవకూడదు. తొకికత వసారాలో నిలబడి విన్నాడు. కాసేపటికి చెప్పులు విప్పి లోపలికి వచ్చి, దాది కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మర్నాడు సనుకిని తలుపు చెక్క మీద కాదు, మసుకో సొంత బండిలో, ముందు గుమ్మం గుండా తీసుకెళ్లారు. వీధిలో జనం మహారాణి వెళ్తోందనుకుని వంగి దండాలు పెట్టారు.

మైల రోజులు నత్తనడక నడిచాయి. మొరోహిర తనింట్లోంచి రాజభవనానికి కాగితాలు పంపితే, గుమ్మం దగ్గరి మనుషులు కర్రతో తోసి వెనక్కి పంపారట. ఆ కబురు విని కూడా మసుకోకి నవ్వు రాలేదు. రోజంతా ఒకటే ఆలోచన, ఆ చిన్న వేళ్లు ఇప్పుడు ఎవరి అంగీ అంచు పట్టుకుని ఉంటాయి అని.

మహానైవేద్యం అయిన మర్నాడు కునినోరి వచ్చాడు. ముంగిట్లో, ఆకులన్నీ రాలిపోయిన రేగు చెట్టు కింద నిలబడ్డాడు. ఆమె వసారా అంచుకి వచ్చి నిలబడింది.

"జరిగింది అక్కా," అన్నాడు. "కొత్తబియ్యం దేవతలకి పెట్టాడు. చప్పగా ఉందని మొహం చిట్లించాడు కాని తిన్నాడు. పొద్దున సింహాసనం ఎక్కాడు. ఎక్కుతూ ఒకసారి వెనక్కి చూశాడు, నువ్వు కూర్చునే చోటుకి. నా ప్రాణం పోయిందనుకో. పెదవి వణికింది. తర్వాత అటు తిరిగి కూర్చున్నాడు."

"ఏడ్చాడా?"

"ఏడ్చాడు. చప్పుడు లేకుండా. మంత్రులంతా వచ్చి మొక్కడం అయ్యేసరికి పొద్దెక్కింది. నీకు చెప్పమన్నాడు: ఒక్కణ్ణే కూర్చున్నానని చెప్పు, కాళ్లు తిమ్మిరెక్కాయని చెప్పు, దిగమన్నారు కాని దిగలేదని చెప్పు అని."

మసుకో వసారా అంచు మీంచి ముందుకి వంగింది. "దిగమన్నారా? ఎవరన్నారు? బాబాయ్ మనుషులా?"

కునినోరి తలవంచుకున్నాడు.

"నేనే అన్నాను అక్కా. మధ్యలో ముడుచుకుని కదులుతుంటే, ఒంటికెళ్లి వద్దువుగాని, దిగు బాబూ అని చెవిలో చెప్పాను. నా వైపు కళ్లెర్రజేసి చూశాడు. 'అమ్మ ఎవరన్నా అని చెప్పింది' అన్నాడు. దిగలేదు. తెల్లపట్టు బట్టలన్నీ తడిసిపోయాయి. ఆఖరి మంత్రి మొక్కి లేచేదాకా అలాగే కూర్చున్నాడు."

మసుకో నవ్వింది. నవ్వు ఆగక స్తంభం పట్టుకుంది, కళ్లవెంట నీళ్లు కారుతున్నా నవ్వుతూనే ఉంది. "విన్నావా దాదమ్మా," అంటూ పక్కకి తిరిగింది. అక్కడ మడత పెట్టిన పరుపు ఉంది. ఆమె వెళ్లి దాని పక్కన కూర్చుని, జరిగిందంతా మొదట్నుంచీ దానికి చెప్పింది.